వట్టికాళ్ళ వరస

పోయిన వారం మన కోడలిని ఫ్యాక్టరీ గేటు దగ్గర, గుండెల్లో రాయి పడ్డ మనిషిని, అలాగే నిలబెట్టి వచ్చేశాం. కథలోకి ఇప్పుడే అడుగుపెట్టిన వాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆ ఊళ్ళో విదేశాలకి చొక్కాలు కుట్టి పంపే ఫ్యాక్టరీ ఉంది. అందులో కుట్టు విభాగానికి ఫ్లోర్ మేనేజర్ మన కోడలు. మిషను ముందు కూర్చుని కాలర్లు కుట్టిన స్థాయి నుంచి ఎదిగి, మెడలో కార్డు వేసుకుని తిరిగే స్థాయికి వచ్చింది. ఆమె అత్త కూడా కుట్టుపనే చేస్తుంది. కాకపోతే ఫ్యాక్టరీలో కాదు, బస్సు డిపో వెనక రేకుల షెడ్డులో. ఫ్యాక్టరీ ఒప్పుకున్న ఆర్డర్లలో సగానికి సగం గుట్టుచప్పుడు కాకుండా ఆ షెడ్డులోనే తయారవుతాయి. ఆ సంగతి చొక్కాలు కొనే కంపెనీకి తెలియకూడదని యజమాని భయం. తన అత్త ఆ షెడ్డులో కూర్చుంటుందని ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియకూడదని కోడలి భయం. అడిగిన వాళ్ళందరికీ "మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఇంటిపట్టునే ఉంటారు" అని చెప్పుకొచ్చింది ఇన్నాళ్ళూ.

ఇంతలో బైపాస్ రోడ్డు మీద ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ తెరిచారు. అక్కడ ఏసీ, కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీ. చూస్తుండగానే కుట్టు విభాగంలో ఒక వరస మొత్తం ఖాళీ అయిపోయింది. సరిగ్గా అప్పుడే కొనే కంపెనీ తరఫున తనిఖీకి ఆడిటర్ వస్తున్నట్టు కబురు. ఖాళీ మిషన్లు కనబడితే, ఇన్ని చొక్కాలు ఎవరు కుడుతున్నారని అడుగుతుంది కదా. అందుకని షెడ్డులో ఆడవాళ్ళని ఆ ఒక్కరోజుకి తెచ్చి ఆ వరసలో కూర్చోబెట్టమన్నాడు యజమాని. ముందురోజు రాత్రి అన్నాల దగ్గర కోడలు అత్తని బతిమాలింది, రేపొక్కరోజు ఇంట్లో ఉండిపొమ్మని. సరేనంది అత్త. పొద్దున వ్యాను వచ్చింది. ఆడవాళ్ళందరూ దిగాక, ఆఖరున తలుపు కమ్మీ పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి మెల్లగా దిగింది అత్త.

అక్కడ ఆపాం.

ఇక చూడండి. కోడలి మొహం తెల్లగా పాలిపోయింది. అత్త మాత్రం ఆమె వంక చూసి, చూడనట్టు తల తిప్పేసుకుంది. ఆ తిప్పడంలోనే మాటంతా చెప్పేసింది. కంగారుపడకు, నువ్వెవరో నాకు తెలియనట్టే ఉంటాలే అని. తరవాత తెలిసిందేమిటంటే, తెల్లారకుండానే షెడ్డు మేస్త్రి ఇంటి మీదకి వచ్చాడట. ఒక మనిషి తక్కువైంది, నువ్వు రాకపోతే వీళ్ళెవరికీ వచ్చే వారం పని ఉండదన్నాడట. అంతమంది పొట్ట తన మీద పెట్టాక ఆ మనిషి ఎలా ఆగుతుంది? అప్పటికే కోడలు ఇంట్లోంచి బయల్దేరిపోయింది. చెప్పే వీలు కూడా లేకపోయింది.

షెడ్డు ఆడవాళ్ళకి నీలం ఏప్రాన్లు, తలకి టోపీలు, కాళ్ళకి గుడ్డ బూట్లు ఇచ్చారు. బూట్లు పంచింది కోడలే. అత్త వంతు వచ్చేసరికి వంగి ఆమె పాదం ముందు జత పెట్టింది. మడమల పగుళ్ళు, వంకర తిరిగిన బొటనవేలు. రోజూ ఇంట్లో చూసే పాదాలే. ఆ నున్నటి తెల్లటి నేల మీద చూసేసరికి మాత్రం, చెప్పుకోవడానికే నాకు ఇబ్బందిగా ఉంది, కోడలికి సిగ్గేసింది. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసింది కూడా.

తరవాత పాఠం మొదలైంది. ఎన్నేళ్ళుగా చేస్తున్నావంటే మూడేళ్ళు అనాలి. ఎన్ని గంటలంటే ఎనిమిది అనాలి. ఎవరైనా తిడతారా అంటే లేదనాలి. బూట్లు మాత్రం ఏం జరిగినా విప్పకూడదు. అందరూ బుద్ధిగా తలలూపారు. అంతలో యజమాని వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఈ దేశానికి బయటి నుంచి వచ్చే డబ్బులో సింహభాగం మన సూదిమొన మీదుగానే వస్తోందని, ఈ ఆర్డరు చెయ్యి జారితే పక్క దేశం వాడు ఇంకో రూపాయి తగ్గించి ఎగరేసుకుపోతాడని, అప్పుడు ఈ మిషన్లు తుక్కు కింద అమ్ముకోవాల్సిందేనని. అబద్ధం కాదండీ అది. కొనేవాళ్ళు ఏటికేడూ ధర తగ్గిస్తారు, గడువు కుదిస్తారు, పైగా పనివాళ్ళని బాగా చూస్తున్నారా లేదా అని మనిషిని పంపుతారు. అన్నీ నిజాలే. నిజాలన్నీ కలిపి రేకుల షెడ్డు కట్టుకున్నాడాయన.

ఆడిటర్ వచ్చింది. యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, భుజాన గుడ్డ సంచి, చేతిలో తన నీళ్ళ సీసా తనే. ఆమె కోసం కొన్న కప్పులో టీ పోస్తే, వద్దని పక్కన పెట్టేసింది. అక్కడే యజమాని మొహంలో కాస్త కళ తగ్గింది. ఆమె మన భాషే మాట్లాడుతుంది. మెల్లగా మాట్లాడుతుంది. అడిగినదానికి జవాబు వచ్చాక కూడా ఇంకా ఏదో వస్తుందన్నట్టు కాసేపు మొహం చూస్తూ ఉంటుంది. ఆ చూపుకి తట్టుకోలేక మనుషులు అనవసరమైనవి వాగేస్తారు.

కటింగ్ బల్లలు చూసింది. మంటలార్పే సిలిండర్లు చూసింది. మెట్ల తలుపులు తానే తోసి చూసింది, తెరుచుకున్నాయి. యజమాని ఊపిరి పీల్చుకున్నాడు. కుట్టు విభాగంలోకి వచ్చాక ఒక వరస చివర నిలబడి, మిషన్ల పైన కాకుండా కింద చూడటం మొదలుపెట్టింది. కోడలు కూడా ఆ చూపు వెంబడి కిందకి చూసింది.

మిగతా వరసలన్నిటిలో బూట్లు వేసుకున్న కాళ్ళు పెడల్ మీద ఉన్నాయి. షెడ్డు ఆడవాళ్ళ వరసలో ఒక్క కాలికీ బూటు లేదు. ఒక్కొక్కరి మిషను పక్కన ఒక్కో జత, ముందు భాగం బయటికి తిప్పి, ఇంటి గుమ్మం ముందు చెప్పులు విడిచినట్టు ముద్దుగా అమర్చి ఉంది.

ఎవరినీ అనడానికి లేదు. షెడ్డులో గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాలి, గుడ్డకి మట్టి అంటకుండా. వట్టికాలితోనే పెడల్ తొక్కాలి. మిషను ఎంత జోరు మీదుందో బొటనవేలికి తెలుస్తుంది వాళ్ళకి. పాఠం, ఉపన్యాసం విన్నంతసేపూ బూట్లు కాళ్ళకే ఉన్నాయి. సూది ఆడటం మొదలయ్యాక కాళ్ళు తమ పని తాము చూసుకున్నాయి. ఒకరికి కూడా తెలిసి చేసిన పని కాదు. అసలు విప్పామనే వాళ్ళకి తెలియదు.

ఆడిటర్ ఆ వరస వెంట నడిచి నడిచి, తిన్నగా వెళ్ళి అత్త పక్కన ఆగింది. అంతమంది ఉండగా అత్త దగ్గరే ఆగాలా అంటారేమో. అందరూ ఆమెని చూడగానే కుట్టడం ఆపి బిగుసుకుపోయారు. అత్త ఒక్కతే తల ఎత్తకుండా కాలరు తిప్పుకుంటోంది. పనిలో పడితే ఆమెకి పక్కన పిడుగు పడ్డా వినబడదు. కాలరు మూల తిరిగింది. అడుగు దారం చిక్కుపడింది. అత్త ఎడమచేత్తో గుడ్డ అదిమిపట్టి, తల తిప్పకుండా కుడిచెయ్యి పక్కకి చాచింది.

"అమ్మాయీ, కత్తెర అందుకో."

షెడ్డులో ఇద్దరు ముగ్గురికి కలిపి ఒక కత్తెర ఉంటుంది. చెయ్యి చాచి అడగాల్సిందే. ఇక్కడ ప్రతి మిషనుకీ ఒక చిన్న కత్తెర తాడుతో కట్టి ఉంది. అత్త ముక్కు ముందే వేలాడుతోంది అది. ఆమెకి కనబడలేదు. ఇంట్లో సాయంత్రాలు చినిగినవి కుట్టుకునేటప్పుడు కూడా ఆమె అదే గొంతుతో అలాగే అడుగుతుంది. కోడలు అలాగే అందిస్తుంది. ఇప్పుడు కూడా కోడలి చెయ్యి ఏప్రాన్ జేబులోకి వెళ్ళిపోయింది. కత్తెర తీసి అత్త అరచేతిలో పెట్టేసింది. పెట్టాక గానీ తానేం చేసిందో ఆమెకి తట్టలేదు.

ఆడిటర్ ఇద్దరినీ చూసింది. అత్త తలెత్తి, ఎదురుగా ఎవరు నిలబడ్డారో చూసి, నాలిక కరుచుకుంది.

బూట్లు ఎందుకు విప్పారని అడిగింది ఆడిటర్. కాలికి పెడల్ తెలియాలి కదమ్మా అంది అత్త. ఎన్నేళ్ళుగా చేస్తున్నారిక్కడ? మూడేళ్ళు. మూడేళ్ళలో బూట్లు అలవాటు కాలేదా? దీనికి జవాబు పాఠంలో లేదు. అత్త కాలితో బూట్ల జతని ఇంకాస్త మిషను కిందకి తోసింది. యజమాని వెనక నుంచి దగ్గాడు. ఆ దగ్గు తన వీపు మీద పడ్డట్టయింది కోడలికి.

అప్పుడు ఆడిటర్ కోడలి వైపు తిరిగింది.

"ఈవిడ మీకేమవుతారు?"

ఎన్ని దారులున్నాయి చెప్పండి. మా అత్తగారండీ అంటే, మీ అత్తగారు బూట్లు ఎరగని చోటెక్కడ పనిచేస్తున్నారని అడుగుతుంది. షెడ్డు బయటపడుతుంది. అదొక్కటే అయితే ఆమెని నేనూ క్షమించేవాణ్ణి. కానీ ఆ క్షణాన ఆమెకి షెడ్డు గుర్తురాలేదు. వెనక నిలబడ్డ యజమాని గుర్తొచ్చాడు. పక్క వరసల్లో చెవులు రిక్కించిన ఆడపిల్లలు గుర్తొచ్చారు. మేడమ్ గారి అత్త ఈవిడా అని రేపు భోజనాల దగ్గర నవ్వుకునే నవ్వు వినబడింది. ఆ పగిలిన మడమలు తన ఇంటివని ఎవరికీ తెలియకూడదనిపించింది.

"ఏమీ కారండీ," అంది కోడలు. "పెద్దావిడ కదా, అందరినీ అమ్మాయీ అనే పిలుస్తుంది."

గొంతు ఎక్కడా వణకలేదు. అదే ఘోరం. వణికినా బాగుండేది.

అత్త లేచి నిలబడింది. కత్తెరని రెండు చేతులతో పట్టుకుని, పిడి వైపు ముందుకి తిప్పి, కోడలికి ఇచ్చింది.

"అవునండీ. నోరు జారింది. తప్పయిపోయింది, మేడమ్."

ఆడిటర్ ఏమీ రాసుకోలేదు. కాసేపు ఆ చూపు చూసి, తరవాతి వరసకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం యజమాని కోడలిని గదిలోకి పిలిచి మరీ మెచ్చుకున్నాడు. భలే సమాధానం చెప్పావు, ఇంకొకరైతే నీళ్ళు నమిలేవాళ్ళు అన్నాడు. తన టీ కప్పు పక్కనే ఇంకో కప్పు పెట్టించాడు, ఎన్నడూ లేనిది. కోడలు ఆ టీ తాగలేకపోయింది. ఆయన మెచ్చుకుంటున్నకొద్దీ, ఎవరైనా చెంప మీద ఒకటిస్తే బాగుండుననుకుంది.

అంతటితో అయిపోతే కథ ఏముంది? ఆడిటర్ వెళ్తూ వెళ్తూ ఒక మెలిక పెట్టింది. కొందరు పనివాళ్ళతో బయట మాట్లాడతానంది. ఫ్యాక్టరీలో కాదు, వాళ్ళ ఇళ్ళ దగ్గర, ఫ్యాక్టరీ మనిషి ఒక్కరు కూడా పక్కన ఉండకుండా. అది వాళ్ళ కంపెనీ పద్ధతట. సాయంత్రం పని వదిలాక తన బండిలోనే తీసుకెళ్తుందట. మొదట ఎవరని యజమాని నవ్వుతూ అడిగాడు. ఆ పెద్దావిడ అంది ఆమె.

యజమాని నవ్వు ఊడిపోయింది. కోడలి వైపు తిరిగి, ఆ ముసలిదానికి నాలుగు మాటలు నూరిపొయ్యి, తేడా వస్తే షెడ్డు మూసేసి అందరినీ రోడ్డున పడేస్తానని చెప్పు అన్నాడు. ఏం చెప్పిందో తెలుసుకోవడానికి సాయంత్రం తానే కోడలి ఇంటికి వస్తానన్నాడు. ఫోన్లలో ఇలాంటివి మాట్లాడకూడదట. కోడలి భర్త కంటైనర్ లారీతో రేవుకి వెళ్ళి వారం దాటింది. ఇంట్లో మీ అత్తగారు తప్ప ఎవరూ ఉండరు కదా, ఇబ్బందేం లేదు కదా అని అడిగాడు యజమాని. అత్తగారు మోకాళ్ళ నొప్పులతో లోపలి గదిలో ఉంటారని ఆయన అనుకుంటున్నాడు పాపం. ఉంటారండీ, ఆవిడకి సరిగా వినబడదు అంది కోడలు. అబద్ధం ఒకటి మొదలుపెడితే దానికి అదే పిల్లల్ని పెడుతుంది.

చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర దొరికింది అత్త. బూట్లు పక్కన పెట్టి, కాళ్ళు కడుక్కుంటోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఉంటే మాట్లాడేది కాదని నాకూ తెలుసు, మీకూ తెలుసు.

"అత్తయ్యా," అంది కోడలు మెల్లగా.

"చెప్పండి మేడమ్."

"అలా పిలవకండి."

"మరెలా పిలవాలి? ఇక్కడ నేను మీకేమీ కాను కదా."

కోడలికి తల కొట్టేసినట్టయింది.  పొద్దున మీరే కదా తెలియనట్టు మొహం తిప్పుకున్నారు అని గొణిగింది. ఆ మాట అనగానే, ఇదెంత చేతకాని మాటో తనకే తెలిసిపోయింది.

అత్త కుళాయి కట్టేసింది. "నేను తెలియనట్టు ఉండటం వేరు. అది నీ కోసం నేను చేసిన పని. నువ్వు ఏమీ కారనడం వేరు. అది నువ్వు నాకు చేసిన పని."

అంతే. అంతకు మించి కోపం చెయ్యలేదు. తిట్టి ఉంటే కోడలు కూడా ఒక మాట అనేది, లెక్క సరిపోయేది. అత్త ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఏప్రానుతో కాళ్ళు తుడుచుకుంటూ, ఎవరికో చెబుతున్నట్టు గోనెసంచుల మిల్లు సంగతి ఎత్తింది. ఊరి బయట ఇప్పటికీ పొగగొట్టం నిలబడి ఉంది చూడండి, ఆ మిల్లు. అత్త వయసంతా అందులో వట్టికాళ్ళ మీద నిలబడే గడిచింది. ఆ రోజుల్లో ఈ దేశం పేరెత్తితే బయటివాళ్ళకి గోనెసంచే గుర్తొచ్చేదట. ప్లాస్టిక్ సంచులొచ్చాయి, మిల్లు పోయింది. అప్పుడు కుట్టు నేర్చుకుంది. కొత్త కోడలు ఇంటికొస్తే పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె కాలి మీద తన కాలు వేసి మరీ పెడల్ నేర్పించింది. గోనె పోయి చొక్కా వచ్చింది, ఇప్పుడు చొక్కా పోయి ఫోను వచ్చేట్టుంది అంది అత్త. ఏది వచ్చినా మన కాళ్ళు చూసి ఎవరో ఒకరు సిగ్గుపడుతూనే ఉన్నారు, అది మాత్రం మారలేదు అంది.

"నాకు కోపం లేదు," అంది చివరికి. "నా వల్ల నీకు తలవంపులయిందే అని నాకే సిగ్గుగా ఉంది. అది భరించలేకపోతున్నా. ఇంతకీ ఆ మనిషికి ఏం చెప్పమన్నారు?"

షెడ్డు మాట ఎత్తకూడదన్నారని చెప్పింది కోడలు. ఎత్తితే మూసేస్తారని చెప్పింది. అత్త ఆమె వంక సూటిగా చూసింది. షెడ్డుకి ఉన్నది ఒకటే తలుపు. ఆ తలుపుకి అడ్డంగా మనిషెత్తు గుడ్డ కట్టలు. పక్కకి జరపమంటే చోటు లేదంటాడు మేస్త్రి. మధ్యాహ్నం వేళ గుడ్డ ఎవరైనా పట్టుకుపోతారని బయట గడియ కూడా పెడతాడు. ఆ సంగతి అత్త కోడలికి ఎన్నిసార్లు చెప్పలేదు? చూస్తానత్తయ్యా, మాట్లాడతానత్తయ్యా అంటూనే ఉంది కోడలు. ఈ రోజు వరకూ చూడలేదు, మాట్లాడలేదు.

"సరే మేడమ్," అంది అత్త, బూట్లు చేత పట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం కోడలు బస్సులో ఇంటికి చేరింది. అదేదో పొరుగింట్లోకి దొంగతనంగా దూరినట్టు చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడిచింది. ముందుగదిలో అత్త మిషను, దాని మీద సగం కుట్టిన దిండు గలీబు. ఎదురుగా గోడ మీద పెళ్ళినాటి ఫోటో. భర్త ఒక పక్క, తాను ఒక పక్క, మధ్యలో కుర్చీలో అత్త. ఆ రోజు ఫోటో తీసేవాడు పాదాలు కనబడకుండా తీస్తానంటే, కాళ్ళు లేకపోతే నేను దయ్యాన్నంటారు, కాళ్ళు కూడా రావాలి అందట అత్త. వచ్చాయి. పెద్దవిగా, ముందుకి.

కోడలు ఆ ఫోటో కింద కూర్చుని ఏడ్చింది. ఏడిస్తే తేలికపడుతుందంటారు, ఆమెకేం తేలికపడలేదు. అత్తయ్య వస్తుంది, రాగానే కాళ్ళ మీద పడతాను, అంతే అనుకుంది. ఎవరింటికో ఒకరింటికి తీసుకెళ్ళి ఉంటుంది ఆ ఆడిటర్ని, మాట్లాడి పంపించి వస్తుంది అనుకుంది. ఎందుకనుకుందో! ఆ మనిషికి ఇంకో ఇల్లెక్కడుంది?

వీధిలో బండి ఆగింది. తలుపు తెరిచిన చప్పుడు, తరవాత అత్త గొంతు. మెట్లు ఎత్తుగా ఉంటాయి, చూసి ఎక్కమంటోంది ఎవరినో.

ఇప్పుడు జరిగింది రాయడానికి నాకే మనసొప్పడం లేదు. అంత ఏడ్చిన మనిషి, కాళ్ళ మీద పడతాననుకున్న మనిషి, ఒక్క ఉదుటున లేచి ఆ ఫోటోని మేకు మీంచి తీసేసింది. తీసి, మంచం కిందకి తోసేసింది. పొద్దున కత్తెర అందించింది కూడా ఆ చెయ్యే.

అత్త గుమ్మంలోకి వచ్చింది, వెనకే ఆడిటర్. కోడలిని చూసి ఆడిటర్ ఆశ్చర్యపోయినట్టు కనబడలేదు. అత్త ముందు కోడలి మొహం చూసింది, ఎర్రబడ్డ కళ్ళు చూసింది. తరవాత గోడ చూసింది. చుట్టూ సున్నం మాసి, మధ్యలో ఫోటో ఉన్నంత మేర తెల్లగా, పైన ఒక మేకు. ఆ మేకునే కాసేపు చూసింది. దారిపొడుగునా ఆవిడ ఏమనుకుంటూ వచ్చిందో, ఈ ఇల్లు నాదని, ఇది నా కోడలని గుమ్మంలో చెప్పేద్దామనుకుందో ఏమో. ఏదనుకున్నా, ఆ మేకు చూశాక అది మానుకుంది.

"కూర్చోండమ్మా," అంది ఆడిటర్‌తో. "ఈ ఇల్లు మేడమ్ గారిది. నేను వీళ్ళింట్లో అద్దెకుంటాను. అందుకే పొద్దున చనువుకొద్దీ నోరు జారాను."

 తాను చెప్పిన అబద్ధానికి అత్త కాపు కాస్తోంది. తన ఇంట్లో, తన మిషను పక్కన నిలబడి, పరాయిదాన్నని చెప్పుకుంటోంది.

మీ గది ఏదని అడిగింది ఆడిటర్. అత్త ముందుగదిలో మంచం వైపు చూపించింది. సరిగ్గా అదే సమయానికి కోడలు వెనకగది వైపు చూపించింది. రెండు చేతులూ రెండు వైపులకి చాచి అలాగే ఉండిపోయాయి. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ పడిపడి నవ్వేవాళ్ళు.

ఆడిటర్ నవ్వలేదు. అత్త మిషను ముందున్న ముక్కాలిపీట మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది. కోడలి వైపే చూస్తోంది. జవాబు వచ్చాక కూడా ఇంకా ఏదో రావాలన్నట్టు చూసే ఆ చూపు.

కోడలు మంచం దగ్గరకి వెళ్ళింది. వంగి, కింద చెయ్యి పెట్టి, ఫోటో బయటికి లాగింది. అద్దం మీద దుమ్ము అంటుకుంది. అరచేత్తో తుడిచింది, అత్త పాదాల దగ్గర ఇంకోసారి తుడిచింది. ఆడిటర్ చేతికి ఇచ్చింది.

"మా అత్తగారండీ," అంది. ఈసారి గొంతు వణికింది. "పొద్దున మీకు అబద్ధం చెప్పాను. ఆవిడ కాళ్ళు చూసి సిగ్గుపడి చెప్పాను. నాకు పని నేర్పింది ఆవిడే."

అత్త అటు తిరిగి దిండు గలీబు మడతపెట్టడం మొదలుపెట్టింది. మడతపెట్టిందే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"నాకు పొద్దునే తెలుసమ్మా," అంది ఆడిటర్, ఫోటో చూస్తూ. "కత్తెర ఆవిడ కళ్ళ ముందే వేలాడుతోంది. అయినా ఆవిడ చెయ్యి చాచగానే మీ చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది. ఏమీ కాని వాళ్ళకి ఎవరూ అలా అందివ్వరు."

ఫోటోని జాగ్రత్తగా మిషను మీద పెట్టింది. "చుట్టరికం మీ ఇంటి సంగతి. నేను దాని కోసం రాలేదు. చెప్పులు విడిచి, కత్తెర అడిగి పుచ్చుకుంటూ కుట్టే చోటు ఇంకొకటుంది. అదెక్కడో, అందులోంచి మనుషులు బయటికి ఎలా వస్తారో నాకు తెలియాలి. ఆవిణ్ణి దారిలో అడిగాను, చెప్పలేదు. అక్కడ పనిచేసే వాళ్ళ పొట్ట కొట్టలేనన్నారు. మేనేజరు మీరు. మీరు చెప్తారా?"

చెబితే ఉద్యోగం పోతుంది. ఆర్డరు పోతే ఫ్యాక్టరీలో మిగిలిన వరసలు కూడా పోవచ్చు. చెప్పకపోతే ఆ గడియ అలాగే ఉంటుంది, రేపు పొద్దున అత్త వెళ్ళి ఆ కట్టల అవతలే కూర్చుంటుంది. కోడలు అత్త వైపు చూసింది. అత్త ఇటు తిరగలేదు.

అప్పుడే వీధిలో ఇంకో కారు ఆగింది. ఆ హారన్ కోడలికి బాగా తెలుసు. రోజూ పొద్దున ఫ్యాక్టరీ గేటు తెరిపించే హారన్ అది. సాయంత్రం వస్తానన్న యజమాని రానే వచ్చాడు. తలుపు వేసిన చప్పుడైంది. ఫోనులో ఎవరితోనో గట్టిగా నవ్వుతూ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు.

అత్త చేతిలో గలీబు పక్కన పెట్టింది. గుమ్మం వైపు ఒకసారి చూసి, కోడలి దగ్గరకి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పొద్దున కత్తెర అడిగినప్పటి నుంచి ఆ నోట మళ్ళీ రాని పిలుపు అప్పుడు వచ్చింది.

"చెప్పు, అమ్మాయీ."